పాత ల్యాప్‌టాప్ మీద ఇంకా డబ్బు పెట్టాలా?

శ్రోతలకు నమస్కారం.

మా మేనకోడలు డిగ్రీ రెండో ఏడాది. దాని చదువు కోసం పోయిన సంవత్సరం 12 వేలకు ఒక పాత థింక్‌ప్యాడ్ టీ450 ల్యాప్‌టాప్ కొన్నాం. ఏదో ఆఫీసులో వాడి తీసేసిన మిషన్. బటన్ నొక్కి, వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకుని వచ్చినా తెర మీద ఆ చుక్కలు తిరుగుతూనే ఉండేవి. షాపులో చూపిస్తే పని నడిచేటప్పుడు వాడుకునే జ్ఞాపకం ర్యామ్, ఫైళ్లు దాచే హార్డ్‌డిస్క్ బదులు వేసే ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ, కీబోర్డు, అన్నీ మార్చాలి, 9 వేలవుతుందన్నారట. "దీన్ని అమ్మేసి ఇంకోటి కొందామా అత్తా?" అని ఫోన్ చేసింది.

షాపు మాట పక్కనపెట్టి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కమన్నాను. ఏ భాగం ఎంత పనిలో ఉందో చూపించే టాస్క్ మేనేజర్ వచ్చింది. ప్రాసెసర్ దగ్గర 12 శాతం. డిస్క్ దగ్గర 100. అంటే ప్రాసెసర్ పని లేక కూర్చుంది, హార్డ్‌డిస్క్ మాత్రం ఊపిరాడక కొట్టుకుంటోంది.

పాత హార్డ్‌డిస్క్‌లో నిజంగానే ఒక పళ్లెం తిరుగుతుంది, నిమిషానికి 5,400 చుట్లో, 7,200 చుట్లో. దాని మీద చిన్న ముల్లు అటూ ఇటూ పరుగెత్తి ఒక్కో ముక్కా వెతికి తేవాలి. ఎస్‌ఎస్‌డీలో కదిలేదేమీ లేదు. అందుకే ఆ ఒక్కటి మారిస్తే చాలాసార్లు మిషనే మారినట్టుంటుంది. అయితే ముందు ఫొటోలు, ఫైళ్లు ఇంకోచోట కాపీ చేసుకోండి. ఆ పని కాకుండా ఒక్క స్క్రూ కూడా విప్పొద్దు.

డబ్బు పెట్టేముందు నేను అడిగే ప్రశ్న ఒకటుంది: ఇవాళ కొన్న ఈ భాగం రేపు ఈ ల్యాప్‌టాప్ పోయాక నాకు మిగులుతుందా? ఎస్‌ఎస్‌డీ మిగులుతుంది. చిన్న డబ్బాలో పెట్టి పెన్‌డ్రైవ్‌లా వాడుకోవచ్చు. ఈ మిషన్‌లోని డీడీఆర్3 అనే పాత రకం ర్యామ్ అలా కాదు, దాని తర్వాతి రకం డీడీఆర్4 ఉన్న మిషన్‌లో పట్టదు. కాబట్టి ఎస్‌ఎస్‌డీ కొత్తది కొన్నాం, ర్యామ్ మాత్రం వాడినదే ఒక 8 జీబీ వెతికి తెచ్చాం. కొన్ని పలుచని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచే దారే ఉండదు. కొనకముందే అడగాలి.

ఇక విండోస్ సంగతి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగింది. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం, ఆపై ప్రాసెసర్లే అర్హం. మాది ఐదో తరం. నోట్స్ రాయడం, పాఠాలు చూడడం, పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం, ఇంతే మా మేనకోడలి పని కాబట్టి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేశాం. విండోస్‌లో తప్ప పనిచేయని సాఫ్ట్‌వేర్ మీకు కావాలంటే మాత్రం అంత పాతదాని మీద రూపాయి కూడా పెట్టకండి. ఆ డబ్బు దాచి, ఎనిమిదో తరం పాత మిషన్ చూసుకోండి. నా మాట ఇది.

మదర్‌బోర్డు పాడైనా, తెరను పట్టి ఉంచే హింజ్ విరిగి తెర ఊగుతున్నా అంతే, వదిలేయండి. టచ్‌ప్యాడ్ కింద నుంచి పైకి ఉబ్బినట్టుంటే అది బ్యాటరీ ఉబ్బడం కావచ్చు. వెంటనే ఆపేయండి, ఛార్జింగ్ పెట్టొద్దు. అది డబ్బు లెక్క కాదు, నిప్పు ప్రమాదం.

మా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బలేదు, అరగంట వస్తోంది. ఇంట్లో టేబుల్ మీద, ప్లగ్ పెట్టుకుని చదివే పిల్లకు అది చాలు. ఇప్పుడు బటన్ నొక్కితే అర నిమిషంలోపు తెరుచుకుంటోంది. కీబోర్డులో రెండు మీటలు గట్టిగా నొక్కితే తప్ప పడవు. అది సెమిస్టర్ పరీక్షలయ్యాక చూద్దాంలే అత్తా, అంది.

నమస్కారం.