కవచం బయటికి చేరే దారి

సభకు నమస్కారం. ఈ. కోలై వంటి గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియాకు రెండు పొరలుంటాయి. బయటి పొర వెలుపలి ముఖమంతా లిపోపాలీశాకరైడ్ అనే పెద్ద అణువులు కవచంలా కిక్కిరిసి ఉంటాయి. ఒక్కో అణువుకు అడుగున కొవ్వు ఆమ్లాల తోకలు (ఈ. కోలైలో సాధారణంగా ఆరు), పైన చక్కెరల గొలుసు ఉంటాయి. పక్కపక్కనున్న అణువుల ఫాస్ఫేట్లను మెగ్నీషియం, కాల్షియం అయాన్లు పట్టి బిగిస్తాయి. పైత్యరస లవణాలు, అనేక యాంటీబయాటిక్‌లు ఈ పొరను దాటలేకపోవడానికి ముఖ్య కారణం ఆ బిగింపే. లోహ అయాన్లను పట్టుకునే ఈడీటీఏ అనే రసాయనంతో ఆ అయాన్లను లాగేస్తే కవచంలో కొంత భాగం ఊడిపోయి, అంతవరకు అడ్డుపడ్డ మందులు కూడా లోపలికి చొరబడతాయి.

అయితే ఈ కవచం తాను నిలిచే చోట తయారు కాదు. దాని నిర్మాణం లోపలి పొర అడుగు ముఖంపై మొదలవుతుంది. అక్కడ తయారైన అణువును ఎంఎస్‌బీఏ అనే ప్రోటీన్ ఆ పొర పై ముఖానికి తిప్పుతుంది. అసలు చిక్కు ఆ తర్వాతే. రెండు పొరల మధ్య ఉన్నది నీటితో నిండిన ప్రదేశం, కొవ్వు తోకలకు నీరు పడదు. పైగా అక్కడ శక్తినిచ్చే ఏటీపీ కూడా లేదు. అనుకూల పరిస్థితుల్లో 20 నిమిషాలకోసారి రెండుగా చీలే కణం, ఆ కొద్ది వ్యవధిలోనే లక్షల అణువులను ఈ నీటిని దాటించాలి.

ఆ పని చేసేది ఎల్‌పీటీ అనే ఏడు రకాల ప్రోటీన్ల బృందం. అవి ఒకదానికొకటి తగులుకుని, లోపలి పొర నుంచి బయటి పొర దాకా వంతెనలా నిలుస్తాయి. ఆ వంతెన పొడవునా ఒక గాడి ఉంటుంది. తోకలు ఆ గాడిలో దాక్కుంటే చక్కెరలు నీటివైపు తేలి ఉంటాయి. ఏటీపీ ఖర్చయ్యేది లోపలి చివరన మాత్రమే. ఇరుకు సందులో వరుసగా నిలబడ్డవారిలా, వెనుక అణువు తోస్తేనే ముందుది కదులుతుంది. నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది ఈ ఏర్పాటే.

దారి చివర ఎల్‌పీటీడీ అనే పీపా ఆకారపు ప్రోటీన్ ఉంది. 2014లో వెల్లడైన నిర్మాణ చిత్రాల ప్రకారం దాని గోడ 26 పట్టీలతో అల్లి ఉంటుంది, లోపల ఎల్‌పీటీఈ బిరడాలా కూర్చుంటుంది. మొదటి పట్టీకీ చివరి పట్టీకీ మధ్య అతుకు బలహీనం. అణువు వచ్చినప్పుడు ఆ అతుకు పక్కకు విచ్చుకుంటుందనీ, చక్కెరలు పీపా గుండా వెలుపలికి సాగుతుంటే తోకలు నేరుగా పొరలోకి జారుకుంటాయనీ శాస్త్రవేత్తలు వివరిస్తున్నారు.

ఈ దారిని మూసివేయడమే కొత్త మందుల వ్యూహం. కార్బపెనెం అనే శక్తిమంతమైన యాంటీబయాటిక్‌లకు లొంగని అసినెటోబ్యాక్టర్ బామనీ అనే బ్యాక్టీరియాపై పనిచేసే జోసురబల్పిన్ గురించి 2024లో పరిశోధన పత్రాలు వెలువడ్డాయి. ఈ బ్యాక్టీరియాలో కొన్ని రకాలు ప్రయోగశాలలో కవచం లేకుండానే బతకగలవు, కాని దారి మధ్యలో ఇరుక్కుని లోపల పేరుకుపోయే అణువులు దానికి ప్రాణాంతకం. విచిత్రమేమిటంటే, ఈ మందు ఒక్క ప్రోటీన్‌నే పట్టుకోదు. రవాణాలో ఉన్న అణువును కూడా ఆసరా చేసుకుని, రెంటినీ కలిపి అక్కడే బిగించేస్తుంది.