స్పీడప్ ఒక్కటే చూసి మార్కులు వేయొచ్చా? ప్యారలల్ ప్రోగ్రామింగ్ కోర్సుపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. ఒకే పనిని చాలా ప్రాసెసర్ కోర్లకు పంచి చేయించడం నేర్పే ప్యారలల్ ప్రోగ్రామింగ్ కోర్సులో మార్కులు ఎలా వేయాలి? ఈ కోర్సు చెప్పే ప్రొఫెసర్ గారు, ల్యాబ్ చూసుకునే మేడమ్ గారు మనతో ఉన్నారు. సార్, ఎంత వేగం వస్తే అన్ని మార్కులు. ఈ లెక్క చాలదా?

ప్రొఫెసర్: చాలదండీ. వేగం సరే, దేనితో పోల్చి? తిరకాసంతా అక్కడే. మ్యాట్రిక్స్ గుణకారం తీసుకోండి. సీక్వెన్షియల్ కోడ్‌ని, అంటే పనులు ఒకదాని తర్వాత ఒకటి చేసేదాన్ని, ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చేస్తే 80 సెకన్లు పట్టిందనుకుందాం. పనిని 8 థ్రెడ్లకు, అంటే ఒకేసారి నడిచే 8 పాయలకు, పంచే కోడ్‌ని మాత్రం ఓ3 అనే ఆప్టిమైజేషన్ ఫ్లాగుతో కంపైల్ చేశారు, 10 సెకన్లలో అయిపోయింది. రిపోర్టులో స్పీడప్, అంటే ఎన్ని రెట్లు వేగం వచ్చిందన్నది, 8! సీక్వెన్షియల్‌కి కూడా ఓ3 పెడితే 20 సెకన్లే వచ్చిందనుకోండి, అసలు స్పీడప్ 2.

వ్యాఖ్యాత: అంటే పోలికకు వాడే బేస్‌లైన్‌ని ఎంచుకునే పని విద్యార్థి చేతికి ఇవ్వొద్దంటారు.

ప్రొఫెసర్: ఇవ్వనే వద్దు. మంచి సీక్వెన్షియల్ కోడ్, కంపైలర్, ఫ్లాగులు, అన్నీ కోర్సు తరఫునే ఇవ్వాలి.

ల్యాబ్ ఇన్‌ఛార్జి: వేగం సంగతి తర్వాత సార్, ముందు జవాబు సరిగ్గా రావాలి కదా. లూపులో మొత్తం కూడుతూ రిడక్షన్, అంటే థ్రెడ్లు విడివిడిగా కూడి చివర్లో కలిపే ఏర్పాటు, పెట్టడం మర్చిపోతారు. రెండు థ్రెడ్లతో చిన్న ఇన్‌పుట్ ఇస్తే చాలాసార్లు సరైన జవాబే వస్తుంది. ఒక్కసారి రన్ చేసి టిక్ పెట్టేస్తే రేస్ కండిషన్, అంటే థ్రెడ్లు ఒకే విలువని ఒకేసారి మార్చబోయి పాడుచేసే తప్పు, అలాగే దాటిపోతుంది. అందుకే 1, 2, 4, 7, 16 థ్రెడ్లతో ఒక్కోటి కనీసం 20 సార్లు నడపాలి. 7 ఎందుకంటే, ఎలిమెంట్లు థ్రెడ్లకు సమంగా పంచబడనప్పుడు చివరి ముక్క వదిలేసే కోడ్ అప్పుడే దొరుకుతుంది.

వ్యాఖ్యాత: రేస్‌లు పట్టే టూల్స్ ఉన్నాయి కదా మేడమ్?

ల్యాబ్ ఇన్‌ఛార్జి: థ్రెడ్ శానిటైజర్ ఉంది. కానీ జీసీసీ కంపైలర్‌తో వచ్చే మామూలు ఓపెన్‌ఎంపీ (లూపుల్ని థ్రెడ్లకు పంచే వ్యవస్థ) రన్‌టైమ్‌తో అది లేని రేస్‌లు కూడా ఉన్నాయంటుంది. దాని రిపోర్టు చూసి నేరుగా మార్కులు కోసేస్తే అన్యాయమే. ఇంకో అన్యాయం కూడా జరుగుతుంటుంది. ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యల్ని కూడే వరుస మారితే చివరి అంకెలు మారతాయి. మార్కులు వేసే ప్రోగ్రామ్, అదే ఆటోగ్రేడర్, జవాబుని అక్షరాలా పోలిస్తే సరైన కోడ్‌కి సున్నా పడుతుంది. డబుల్ సంఖ్యలైతే, మామూలు మొత్తాలకు, సాపేక్ష తేడా 10⁻⁹ లోపు ఉంటే ఒప్పుకోవచ్చు.

ప్రొఫెసర్: ప్రాసెస్‌లు మెసేజ్‌లు పంపుకుంటూ పనిచేసే ఎంపీఐ అసైన్‌మెంట్లలో ఇంకో తమాషా. రెండు ప్రాసెస్‌లూ ముందు సెండ్, తర్వాత రిసీవ్ పిలుస్తాయి. మెసేజ్ చిన్నదైతే లైబ్రరీ బఫర్‌లో పెట్టుకుంటుంది కాబట్టి హాయిగా నడుస్తుంది. అదే కోడ్‌కి కొన్ని మెగాబైట్లు ఇవ్వండి, రెండూ ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ కూర్చుంటాయి. టెస్టుల్లో పెద్ద మెసేజ్, టైమ్‌అవుట్ రెండూ ఉండి తీరాలి.

వ్యాఖ్యాత: సమయం కొలవడంలో కూడా తేడాలొస్తాయా?

ల్యాబ్ ఇన్‌ఛార్జి: రాకేం! సీ భాషలో క్లాక్ ఫంక్షన్ వాడితే లినక్స్‌లో అన్ని థ్రెడ్ల సీపీయూ సమయం కలిపి చూపిస్తుంది. కోడ్ నిజంగా 4 రెట్లు వేగంగా నడిచినా స్పీడప్ 1 దగ్గరే కనిపిస్తుంది. జీపీయూలో దీనికి ఉల్టా. కెర్నెల్‌ని, అంటే జీపీయూ మీద నడిచే ఫంక్షన్‌ని, పంపిన వెంటనే కంట్రోల్ వెనక్కి వచ్చేస్తుంది. అది ముగిసేదాకా ఆగకుండా టైమర్ ఆపితే మైక్రోసెకన్లలో పనైపోయినట్టు ఉంటుంది. పైగా అందరూ లాగిన్ అయ్యే నోడ్ (క్లస్టర్‌లోని ఒక కంప్యూటర్) మీద కొలవనే కూడదు. నోడ్ ఆ జాబ్‌కే కేటాయించి, 5 సార్లు నడిపి మీడియన్ తీసుకోవాలి.

వ్యాఖ్యాత: మరి మార్కుల పంపకం?

ప్రొఫెసర్: నేనైతే కరెక్ట్‌నెస్‌కి 40, వేగానికి 30, రిపోర్టుకి 15, వైవాకి 15 వేస్తాను. జవాబు తప్పైతే వేగం మార్కులు లెక్కలోకే రావు.

ల్యాబ్ ఇన్‌ఛార్జి: 30 ఎక్కువ సార్. కోడ్‌లో 5 శాతం సీక్వెన్షియల్‌గా ఉండిపోతే ఆమ్‌డాల్ సూత్రం (పంచలేని భాగం స్పీడప్‌కి హద్దు పెడుతుందనేది) ప్రకారం 16 కోర్ల మీద స్పీడప్ 9.1కి మించి రాదు. కోర్లు ఎన్ని పెంచినా 20 దాటదు. దానికి విద్యార్థిని ఏమనగలం?

ప్రొఫెసర్: అందుకేగా 16తో కాకుండా మన రిఫరెన్స్ కోడ్‌తో పోల్చమనేది. అదీ 4 వస్తే పూర్తి మార్కులు, 3.9 వస్తే సగం అన్నట్టు మెట్లు పెట్టకూడదు. కొలతలోనే అంత ఊగిసలాట ఉంటుంది.

వ్యాఖ్యాత: కోడ్ ఎక్కడి నుంచో తెచ్చి అతికిస్తే?

ప్రొఫెసర్: దానికి వైవా ఉంది. బయటి లూపులో ‘ఐ’ సున్నా నుంచి, లోపలి లూపులో ‘జే’ ఆ ‘ఐ’ నుంచి ఎన్ దాకా నడిచే కోడ్ చూపించి, 4 థ్రెడ్లు, స్టాటిక్ షెడ్యూల్ (బయటి లూపు చుట్లని ముందే సమంగా పంచేది) అయితే స్పీడప్ ఎంతని అడగండి. మొదటి థ్రెడ్ మీదే పనిలో 16వ వంతులు 7 పడతాయి కాబట్టి 2.3 దాటదు. డైనమిక్, అంటే ఖాళీ అయిన థ్రెడ్‌కి అప్పటికప్పుడు పని ఇచ్చేది, పెడితే సర్దుకుంటుందని చాలామంది చెబుతారు. చంక్ సైజు, అంటే ఒక్కసారికి ఇచ్చే చుట్లు, 1 పెడితే ఏమవుతుందని ఇంకో ప్రశ్న వేయండి. లోపలి పని చిన్నదైతే పంపిణీ ఖర్చే ఎక్కువవుతుందని చెప్పినవాళ్లు ఆ కోడ్ అర్థం చేసుకున్నట్టే.

ల్యాబ్ ఇన్‌ఛార్జి: ఒక్కొక్కరికి 10 నిమిషాలు పడుతుంది సార్. 120 మంది క్లాసులో అది 20 గంటలు. అసైన్‌మెంట్ ప్రతిసారీ కాకుండా సెమిస్టర్‌కి రెండుసార్లు పెట్టుకుంటే నెగ్గుకురావచ్చు.