పది మీటర్ల గది

సభాధ్యక్షులకు, వేదికపైనున్న పెద్దలకు, ఈ పర్లాకిమిడి నుండే కాక కాశీనగర్, గుణుపూర్‌ల నుండి, సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం నుండి కూడా శ్రమపడి వచ్చిన తెలుగు బంధువులకు నా నమస్కారాలు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఈ ఊళ్లో ఆయన జయంతిని ఆగస్టు 29న జరుపుకోవడం మనకు ఆనవాయితీ. ధ్యాన్‌చంద్ పుట్టినదీ ఇదే తేదీన కావడంతో దేశమంతటా ఇది క్రీడా దినోత్సవం కూడా. నిర్వాహకులు నన్ను తెలుగు బోధన గురించి మాట్లాడమని కోరారు. ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పని గనుక ఆ మాటలు మరొక సభలోనైనా చెప్పగలను. ఈ రోజుకున్న రెండో పేరును ఆసరా చేసుకొని, నలభై ఏడేళ్ల వయసులో మొదటిసారి పోటీ పిస్టలు పట్టుకున్న అనుభవాన్ని, దానితో ముడిపడిన ఒక విన్నపాన్ని మీ ముందుంచడానికి అనుమతి కోరుతున్నాను.

2024 జూలై 28న పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ పది మీటర్ల ఎయిర్ పిస్టల్ ఫైనల్లో 221.7 పాయింట్లతో కాంస్యం సాధించారు. షూటింగులో ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమే. మర్నాడు తరగతిలో ఒక పిల్లవాడు లేచి, "టీచరుగారూ, పది మీటర్లంటే మన వరండా అంత కూడా ఉండదు కదా, అంత దగ్గర నుండి కొట్టడం గొప్పేమిటి?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. వేసవి సెలవుల్లో విశాఖపట్నంలో మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు, ఆ జవాబు కోసమే ఒక షూటింగ్ రేంజి గడప తొక్కాను.

మొదటి గంటసేపు శిక్షకుడు నాకు ఒక్క గుండు కూడా ఇవ్వలేదు. పిస్టలు గొట్టం ఎప్పుడూ లక్ష్యం వైపే ఉండాలని, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదని, పిస్టలు కింద పెట్టినప్పుడు గొట్టంలో రంగు తీగ దూర్చి అది ఖాళీగా ఉన్నదని అందరికీ కనిపించేలా చేయాలని నేర్పించాడు. తరువాత పక్కకు తిరిగి నిలబడి, ఎడమచేతిని జేబులో పెట్టుకొని, సుమారు కిలో బరువున్న ఆ పిస్టలును కుడిచేత్తో చాచి పట్టుకోమన్నాడు. ఎదురుగా పదిహేడు సెంటీమీటర్ల చదరపు కార్డు, దాని నడుమ నల్లని వృత్తం, ఆ వృత్తం మధ్యలో పది పాయింట్ల వలయం. దాని వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, అంటే మన చొక్కా గుండీ అంత. నా చెయ్యి వణుకుతుంటే ఆ వృత్తం చెరువులో చందమామలా ఊగింది. ఆ పిల్లవాడికి చెప్పవలసిన జవాబు అక్కడే సగం దొరికింది.

మిగతా సగం మరుసటి మాటలో దొరికింది. "లక్ష్యాన్ని కాదు, ముందు వైపు సైటును చూడండి" అన్నాడు శిక్షకుడు. గురి కుదుర్చుకోవడానికి పిస్టలు పైన ముందు వైపు ఉండే చిన్న పలక ముందు సైటు, వెనుక వైపు గాడితో ఉండేది వెనుక సైటు. ద్రోణుడు పరీక్షించినప్పుడు అర్జునుడికి పక్షి కన్ను తప్ప మరేదీ కనిపించలేదన్న కథను నేను ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. పిస్టలు పట్టినవారికి ఆ కథ తిరగబడుతుంది. వెనుక సైటు గాడిలో ముందు సైటు రెండు పక్కలా సమానమైన వెలుతురుతో నిలవాలి, కంటికి ఆ ముందు సైటే స్పష్టంగా కనబడాలి, నల్లని వృత్తం మసకగానే ఉండాలి. కన్ను లక్ష్యం మీదికి పరుగెత్తిందంటే సైటు పక్కకు జరిగినట్లు కూడా తెలియదు, గుండు ఏడు పాయింట్ల వలయానికో ఆరు పాయింట్ల వలయానికో పోతుంది. ట్రిగ్గరు కనీసం 500 గ్రాముల బరువుకు గాని కదలకూడదన్నది నియమం. ఆ బరువును ఒక్కసారిగా లాగక, వేలికి కూడా తెలియనంత మెల్లగా పెంచుకుంటూ పోవాలి. అక్షరాలు దిద్దించే పంతులమ్మను గనుక ఈ ఒక్క సంగతి మాత్రం నాకు త్వరగా అర్థమైంది. పలక మీద చెయ్యి బిగించిన పిల్లవాడి గీత ఎప్పుడూ వంకరే.

ఇంటికి వచ్చాక నీళ్లు నింపిన లీటరు సీసాను చేత్తో చాచి పట్టుకొని, తెల్లగోడ ఎదుట రోజూ ఇరవై నిమిషాలు నిలబడ్డాను. ఎనిమిది నెలలపాటు వీలైన ఆదివారాల్లో పాసింజరు రైల్లో విశాఖ వెళ్లి సాధన చేసి, అక్కడి ఒక చిన్న పోటీకి పేరిచ్చాను. అరవై గుళ్లు, కాగితపు కార్డులు గనుక తొంభై నిమిషాలు. 2018కి ముందు మహిళలకు నలభై గుళ్లే ఉండేవి, ఇప్పుడు పురుషులతో సమానంగా అరవై.

ఇరవై మూడో గుండు గురించి మీకు చెప్పి తీరాలి. చెయ్యి బరువెక్కి, పిస్టలు కింద పెట్టి, కాసేపు కూర్చొని లేచాను. మళ్లీ నిలబడినప్పుడు పాదాలు కొంచెం ఎడమకు తిరిగాయని గమనించలేదు. నేర్పినట్లే ముందు సైటును మాత్రమే చూశాను, వెనుక నల్లని మసక కనిపించింది, ట్రిగ్గరు మెల్లగా, ఎంతో బాగా కదిలింది. అంత శుభ్రమైన గుండు ఆ రోజు నేను మరొకటి కాల్చలేదు. కార్డు వెనక్కి రప్పించుకుంటే దాని మీద చిల్లు లేదు. పక్క అమ్మాయి కార్డు మీద మాత్రం రెండు చిల్లులున్నాయి. చెయ్యెత్తి అధికారిని పిలిచి చెప్పాను. నియమం ప్రకారం నాకు సున్నా. ఏ చిల్లు ఎవరిదో తేలలేదు గనుక రెండింటిలో ఎక్కువ విలువైనది ఆ అమ్మాయికి దక్కింది. చివరికి నాకు 600కు 431, ఆ అమ్మాయికి 548 వచ్చాయి.

పోటీ అయ్యాక ఆ అమ్మాయి దగ్గరికి వచ్చి, "మీ పాదాలు నావైపు తిరిగి ఉన్నాయి పిన్నీ, నేను ముందే చూశాను, కానీ పోటీలో మాట్లాడకూడదు కదా" అంది. మాటల్లో తెలిసిన సంగతేమంటే, ఆ అమ్మాయిది మన గుణుపూర్ వైపు పల్లె. వయసు పద్నాలుగేళ్లు. నేనెక్కే పాసింజరే ఆమె కూడా ఎక్కుతుంది, నెలకు రెండుసార్లు, తండ్రి కూలి పని మానుకొని తోడు వచ్చినప్పుడు మాత్రమే. మిగిలిన రోజుల్లో ఆమె కూడా గోడ ఎదుటే నిలబడుతుంది. 548 కొట్టిన పిల్ల నెలకు రెండు రోజులే గుండు కాలుస్తోంది!

అయ్యలారా, అమ్మలారా, ఈ ఆటకు మైదానం అక్కర్లేదు. పది మీటర్ల నేల, కాల్చేవారు నిలబడటానికి మరో రెండు మూడు మీటర్లు, కార్డుల వెనుక గుళ్లను పట్టే ఇనుప పెట్టెలు, మంచి వెలుతురు, చేతులు కడుక్కోవడానికి ఒక కుళాయి ఉంటే చాలు. గుళ్లు సీసంతో చేసినవి గనుక చేతులు కడుక్కోవడం తప్పనిసరి. ఇందులో మందుగుండు లేదు, గాలి ఒత్తిడితో అర గ్రాము గుండు వెళ్తుంది, అంతే. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌల్స్‌కు లోపు శక్తి ఉన్న గాలి తుపాకీకి 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు కూడా అవసరం లేదు. ఇవన్నీ రాసి, వాడకం లేక తాళం వేసిన ఒక గది కోసం ఒక కార్యాలయానికి మూడుసార్లు దరఖాస్తు పెట్టాను. "పిల్లలకు తుపాకులా?" అన్న ఒక్క ప్రశ్నతో మూడుసార్లూ తిప్పి పంపారు. ఆ ప్రశ్న వేసినవారిని నేను తప్పుపట్టడం లేదు, భయం సహజమే. కానీ ఒక్కసారి వచ్చి చూడమంటే రాలేదు, ఆ బాధ మాత్రం నాకింకా తగ్గలేదు.

అందుకే నాలుగో దరఖాస్తును తెలుగులోనూ ఒడియాలోనూ రాసి తెచ్చాను. అది ఆ తలుపు పక్క బల్ల మీద ఉంది, కలం కూడా పెట్టాను. భోజనాలకు లేచే ముందు దయచేసి చదవండి, సమ్మతమైతే సంతకం చేయండి. సందేహమున్నవారు నన్నే అడగండి. ఆ అమ్మాయి, వాళ్ల నాన్నగారు చివరి వరుసలో కూర్చున్నారు, వారిని అడిగినా చెబుతారు.