లారీ ఛాసిస్‌కి ఏ గ్రీజు? మూడు రకాలు పక్కపక్కన పెట్టి చూద్దాం

నమస్తే అండీ. బల్ల మీద మూడు డబ్బాలున్నాయి చూడండి. ఎర్రది లిథియం కాంప్లెక్స్, నల్లది మోలీ కలిపిన లిథియం, ఈ గోధుమ రంగుది కాల్షియం సల్ఫోనేట్. ఎర్రగా ఉంటే మంచి గ్రీజు అని చాలామంది అంటుంటారు. ఆ ఎరుపు కంపెనీవాళ్లు కలిపిన రంగు, అంతే. రెండు కంపెనీల ఎర్ర గ్రీజులకి ఏ చుట్టరికమూ ఉండక్కర్లేదు. నల్లదానికి మాత్రం కారణముంది, అందులో కలిపే మోలిబ్డినం డైసల్ఫైడ్ పొడే ఆ రంగులో ఉంటుంది.

డబ్బా వెనక్కి తిప్పి చదవండి. ఎన్‌ఎల్‌జీఐ 2 అని ఉందా? అది గ్రీజు గట్టిదనం చెప్పే నంబరు. గ్రీజు గన్‌తో నిపుల్స్‌కి, అంటే గ్రీజు ఎక్కించే చిన్న మూతులకి, కొట్టడానికి మామూలుగా వాడేది ఇదే. గడ్డకట్టే చలిలోనో, సెంట్రల్ లూబ్రికేషన్ (అన్ని చోట్లకీ గ్రీజు దానంతటదే పంపే ఏర్పాటు) ఉన్న బండికో అయితే ఇంకా మెత్తటి 1, 0, 00 గ్రేడ్‌లు ఉంటాయి, అప్పుడు మాన్యువల్ ఏది చెప్తే అదే. జీసీ-ఎల్‌బీ గుర్తు కనిపిస్తే అందులో ఎల్‌బీ ఛాసిస్‌కి, జీసీ వీల్ బేరింగ్‌కి.

అసలు చూడాల్సింది, ఎవరూ చూడనిది, బేస్ ఆయిల్ చిక్కదనం, అంటే గ్రీజు లోపలుండే నూనెది. డబ్బా మీద లేకపోతే డేటా షీట్‌లో దొరుకుతుంది. కమాన్ కట్టని ఫ్రేమ్‌కి తగిలించే షాకిల్ పిన్ బేరింగులా గిరగిరా తిరగదు. బరువంతా మోస్తూ బుష్‌లో అటో వీసం, ఇటో వీసం కదులుతుంది, అంతే. పల్చటి ఆయిల్ ఆ నొక్కుడికి పక్కకి జారిపోతుంది. అందుకే 40 డిగ్రీల దగ్గర 220 సెంటీస్టోక్స్ గానీ, బరువు ఎక్కువైతే 460 గానీ ఉన్నది తీసుకోండి. పక్కన ఈపీ అని, అంటే ఎక్కువ ఒత్తిడి తట్టుకునేదని, కూడా ఉండాలి.

ఇప్పుడు ఒక్కోటి వేలికి రాసి, నీళ్లు పోసి రుద్దుతున్నా. ల్యాబ్ టెస్ట్ కాదులెండి, చేతికి తెలిసినంత. ఎర్రది చూడండి, పాలిపోతోంది, కాస్త జారుతోంది. గోధుమ రంగుది కొంచెం నీళ్లు తాగి కూడా వేలిని వదలట్లేదు. తుప్పు పట్టకుండా చూసే గుణం కాల్షియం సల్ఫోనేట్‌కి సహజంగానే ఉంది. బురదలో, నీళ్లలో తిరిగే టిప్పర్ అయితే ధర ఎక్కువైనా నా ఓటు దీనికే. మామూలు రోడ్డు బండికి ఎర్రది చాలు. మోలీది ట్రైలర్‌ని తగిలించే ఫిఫ్త్ వీల్‌కి, పిన్నులకి బాగుంటుంది గానీ వేగంగా తిరిగే వీల్ బేరింగుల్లో పెట్టకండి.

రకం మార్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. లిథియంలో పాలీయూరియాగానీ, బెంటోనైట్‌గానీ (ఇవీ గ్రీజు రకాలే) కలిస్తే మెత్తబడి కారిపోయే ప్రమాదముంది.

సరే, బండి కిందికి వెళ్దాం. ముందు నిపుల్ గుడ్డతో తుడవండి. దాని మీదున్న ఇసుక మీరు కొట్టే గ్రీజుతోపాటే లోపలికి పోతుంది మరి! ఈ షాకిల్ పిన్ చూడండి, గన్ లివర్ గట్టిగా ఉంది, గ్రీజు తీసుకోవట్లేదు. నిపుల్ మార్చినా ఇంతే అయితే బరువే అడ్డు. జాకీతో ఫ్రేమ్ ఎత్తి, కింద స్టాండ్ పెట్టండి, వట్టి జాకీని నమ్మి కిందికి దూరొద్దు. పిన్ మీద భారం తగ్గగానే... ఆఁ, దిగింది. అంచు నుంచి ఎర్రటి తుప్పు నీళ్లలాంటి పాత గ్రీజు వస్తోంది కదా, అంటే లోపలికి నీళ్లు పోయాయి. శుభ్రమైన కొత్తది కనిపించేదాకా కొట్టండి.

ముందు చక్రం పక్కకి తిరిగే కింగ్ పిన్ దగ్గర ఒకే సూత్రం పనికిరాదు. చక్రం నేల మీద ఉండగా కొట్టమనే కంపెనీ ఉంది, ఎత్తి కొట్టమనే కంపెనీ ఉంది. మీ యాక్సిల్ మాన్యువల్ చూడండి.

ప్రొపెల్లర్ షాఫ్ట్ కీలులో ఉండే క్రాస్‌కి నాలుగు కప్పులు. నాలుగింటి సీళ్ల దగ్గరా కొత్త గ్రీజు కనిపించాలి. మూడింట్లో వచ్చి ఒకదాంట్లో రాకపోతే షాఫ్ట్‌ని అటూ ఇటూ కదిపి మళ్లీ కొట్టండి. ఆ ఒక్క కప్పే ఎండిపోయి క్రాస్ మొత్తాన్ని తినేస్తుంది.

ఇక బ్రేక్ షూలని తెరిచే బ్రేక్ క్యామ్‌షాఫ్ట్. ఇక్కడ గ్రీజు స్లాక్ అడ్జస్టర్ (ఈ షాఫ్ట్‌ని తిప్పే, బ్రేక్ గ్యాప్ సరిచేసే లివర్) వైపు రావాలి. అటు కొత్తది కనిపించగానే ఆపేయండి. అలా కాకుండా డ్రమ్ వైపు వచ్చిందంటే సీల్ పోయినట్టే. ఇంకొక్క స్ట్రోక్ కూడా కొట్టొద్దు, లైనర్ల మీదికి పోతుంది. చక్రం విప్పి ముందు ఆ సీల్ మార్చండి.