పొట్టేలును ఎంచుకునే రోజు

అందరికీ నమస్కారం.

రెండెకరాలో మూడెకరాలో ఉన్న రైతులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: "ఏ జాతి గొర్రెలు తెచ్చుకుంటే చాకిరీ తక్కువ?" జాతి చేసేది సగం పని మాత్రమే. మిగతా సగం, మీరు ఏ పిల్లను విత్తనానికి ఉంచుకుంటారో, దేన్ని సంతకు తోలుతారో ఆ రోజున తేలుతుంది. ఇవాళ నేను ముఖ్యంగా మాట్లాడాలనుకున్నది ఆ రోజు గురించే.

ముందు జాతి సంగతి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో మైఖేల్ పీల్ అనే ఆయనకు ఉన్నికి ధర లేని కాలంలో ఉన్ని కత్తిరించే శ్రమ ఎందుకనిపించింది. 1957లో కరీబియన్ సముద్రంలోని సెయింట్ క్రాయ్ దీవి నుంచి ఒంటిమీద వెంట్రుకలే తప్ప ఉన్ని లేని గొర్రెలను కొద్దిపాటిగా తెప్పించి, అక్కడి మాంసపు జాతులతో ఏళ్ల తరబడి సంకరం చేశాడు. చలికాలంలో పెరిగిన బొచ్చు ఎండలు ముదిరేసరికి దానంతట అదే రాలిపోయే మంద తయారైంది. దానికి అక్కడి కొండ పేరే పెట్టి కటాడిన్ అన్నాడు.

మనకు అంత దూరం పోనక్కరలేదు. నెల్లూరు గొర్రెకు సహజంగానే ఉన్ని లేదు. రొమ్ము దగ్గర, మూపు మీద కాస్త పొడుగు బొచ్చు, మిగతా ఒళ్లంతా పొట్టి వెంట్రుకలు. తెల్లగా ఉంటే పల్ల, మూతి చుట్టూ కళ్ల చుట్టూ నల్ల మచ్చలుంటే జోడిపి, ఎర్రగా ఉంటే దొర. మన దేశపు గొర్రెల్లో పొడగరి ఇదే. తెలంగాణ మెట్టల్లోని నల్ల దక్కనీ గొర్రెకైతే ఏడాదికి రెండుసార్లు కత్తెర పడాలి. కాళ్లు కట్టి, పక్కకు పడుకోబెట్టి, చర్మం తెగకుండా కత్తిరించాలి. ఒకప్పుడు ఆ ఉన్నే గొంగడి అయ్యేది. ఇప్పుడు ఆ ఉన్నిని కొనేవాడు కరువయ్యాడు. ఆ గొర్రె మీద నాకు ఎంతో గౌరవం. మైళ్లకొద్దీ నడిచి, దొరికిన ఎండుగడ్డితో బతుకుతుంది. దాన్ని పోగొట్టుకోవడం మన తప్పు. కానీ ఇంట్లో ఇద్దరే మనుషులుండి, పొలం పనితో పాటు ఇరవై గొర్రెలు పెంచుకునేవారికి కత్తెర పని లేనిదే మేలు.

ఇక రెండో సగం. ఒక గొర్రె ఈతకు ఎక్కువగా ఒక్క పిల్లనే ఇస్తుంది. ఒక పొట్టేలు ఆ ఈతలో పాతిక పిల్లలకు తండ్రి అవుతుంది. గొర్రెలో లోపం ఒక్క పిల్లకు పోతే, పొట్టేలులో లోపం మంద మొత్తానికీ పాకుతుంది. నాకు ఇది తెలిసింది నష్టపోయాకే. ఒక ఏడు సంతలో దుక్కలా ఉన్న పొట్టేలును చూసి ముచ్చటపడి కొన్నాను. అది దాణా తిని, నెలనెలా నట్టల మందు, అంటే కడుపులో పురుగులు చచ్చే మందు, తాగి పెరిగిందని తర్వాత తెలిసింది. వానాకాలం వచ్చేసరికి దాని పిల్లలు ఒక్కొక్కటే దవడ కింద నీరు పట్టి కూలబడ్డాయి.

ఆ నీరు పట్టడానికి కారణం కడుపులో రక్తం పీల్చే నట్ట. చచ్చిన పిల్ల పొట్ట కోసి చూస్తే ఎరుపూ తెలుపూ దారాలు పేనినట్టు కనిపిస్తుంది. ఎర్రగా ఉన్నది అది తాగిన రక్తం. బయటినుంచి పోల్చడానికి దక్షిణాఫ్రికాలో ఒక తేలిక పద్ధతి కనిపెట్టారు. గొర్రె కింది రెప్పను బొటనవేలితో మెల్లగా కిందికి లాగి చూడండి. లోపల ఎర్రగా ఉంటే ఒంట్లో రక్తం ఉన్నట్టు. సుద్దముక్కలా తెల్లబడితే మందు వేయక తప్పదు. మంద మొత్తానికీ ఒకేసారి మందు పోస్తే, మందుకు లొంగని నట్టలే మిగిలి, అవే పెరుగుతాయి. రెప్ప పాలిపోయిన వాటికే వేయండి. ఏ గొర్రెకు వేశారో నోటుబుక్కులో రాయండి. రెండేళ్లు రాస్తే మళ్లీమళ్లీ కనిపించేవి నాలుగైదు నంబర్లే. వాటిని అమ్మేయండి, వాటి పిల్లలను విత్తనానికి ఉంచకండి.

పొట్టేలు పిల్లను ఎంచేటప్పుడు దాని సైజు కన్నా ముందు తల్లి చరిత్ర చూడండి. మన చేయి పడకుండా ఈనిందా? పిల్లను నాకి, వెంటనే ముర్రుపాలు ఇచ్చిందా? డెక్కలు చెడకుండా నడిచిందా? ఈ మూడింటికీ అవునని రాసి ఉంటేనే దాని కొడుకు వైపు చూడండి. కూతుళ్లు ఎదకు వచ్చేలోగా, అంటే రెండేళ్లకోసారి, ఆ పొట్టేలును పక్క ఊరి మందతో మార్చుకోండి.

చాకిరీ తక్కువ అంటే టీకాలు మానేయడం కాదు. లేత గడ్డి తెగమేసిన గొర్రె ఉన్నట్టుండి చనిపోయే జబ్బే చిటుక రోగం; దాని టీకా తొలకరికి ముందే పడాలి. జ్వరంతో విరేచనాలు పట్టే పారుడు రోగం టీకా ఒకసారి వేస్తే మూడేళ్లు కాస్తుంది. ఇవి మరిచిపోతే ఎంత గట్టి జాతైనా నిలవదు.

బయట దొడ్డిలో ఆరు గొర్రెలను కట్టి ఉంచాం. అందులో రెండింటికి నిన్న మందు వేయాల్సి వచ్చింది. ఏ రెండో నేను చెప్పను. చేతులు కడుక్కుని రండి, రెప్పలు తీసి మీరే చూద్దురుగాని.