పర్సు సంగతి తర్వాత, ముందు ఈ తోలు చూడండి

నమస్కారం. ఈ పర్సు నేను కొన్నది కాదు. మన హైదరాబాద్‌లోనే తోలు సామాన్లు చేసే ఒక చిన్న వర్క్‌షాపువారు ఉచితంగా పంపారు. కొలతలు, అరల లెక్క వాళ్ల పేజీలో మీరు చూసే ఉంటారు కాబట్టి వాటి జోలికి వెళ్లను.

కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను, గమనించండి. ఇలా వంచగానే వంపు దగ్గర రంగు లేతబడింది. వేలితో రుద్దితే మళ్లీ ముదురుతోంది. లోపలున్న నూనెలు, కొవ్వులు, మైనం కదలడం వల్ల వచ్చే వింత ఇది. షికాగోలోని హార్వీన్ కంపెనీ తోలు, పేరు క్రోమెక్సెల్. మొదట క్రోమియం లవణాలతో, ఆపైన బెరడు రసాలతో కుళ్లకుండా పదును చేసి (టానింగ్), వేడిమీద నూనెలు పట్టిస్తారు. కంపెనీ చెప్పే లెక్క 89 పనులు, 28 పనిదినాలు. బెరడుతో తోళ్లు పదును చేయడం మనకు తెలియనిదేమీ కాదు. బతుకమ్మలో పేర్చే తంగేడు ఉంది చూశారా, దాని బెరడునే ఇందుకు వాడేవారు. కరక్కాయ కూడా.

కంపెనీ కథ ఇంకా బాగుంటుంది. ఉక్రెయిన్ నుంచి వలస వెళ్లిన ఐసిడోర్ హార్వీన్ 1905లో దీన్ని పెట్టారు. గుర్రం పిరుదు భాగం నుంచి తీసే కార్డోవన్ తోలు ఆయన ప్రత్యేకత. మంగలికత్తి నూరుకునే పట్టీలకు అది పేరుపడింది. అంతలో జిల్లెట్ సేఫ్టీ రేజర్ ఊరూరా పాకింది. ఇక పట్టీ ఎవరికి కావాలి? అయినా తలుపులు మూయలేదు, అదే తోలును బూట్లకు మళ్లించారు. ఆయన కొడుకులు ఆర్నాల్డ్, రాల్ఫ్ ఇద్దరూ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు. తర్వాత ఆ ఆట బంతులకూ ఈ కంపెనీ తోలే వెళ్లడం నాకు భలే నచ్చిన మలుపు. అక్కడి పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ కోసం విల్సన్ కంపెనీ చేసే బంతుల తోలు ఇప్పటికీ వీరిదే. ఐదో తరం నడుపుతోంది. కార్డోవన్‌కు ఈనాటికీ కనీసం ఆరు నెలలు పడుతుంది, తొందరపెట్టినా లాభం లేదు.

ఇంత మంచి తోలును పట్టుకుని పర్సు చేసినవారు ఏం చేశారు? ఎక్కడా పలుచన చేయకుండా మడతమీద మడత వేసి కుట్టారు. జేబులో పెట్టుకుని బైకెక్కితే ఇటుకమీద కూర్చున్నట్టే ఉంది. పైగా చిల్లర అర లేదు! ఆటో దిగి పది రూపాయల నాణెం కోసం ప్యాంటు జేబులన్నీ తడుముకోవాలా? కోఠిలో కొన్న నా పాత పర్సుకు గుండీ వేసిన చిల్లర అర ఉండేది. తోలు నాసిరకమే, అట్టలా పెచ్చులూడింది. అయినా చిల్లర మాత్రం ఎన్నడూ జారలేదు.

పంపినవారు నొచ్చుకున్నా సరే, పర్సుగా దీన్ని కొనమని చెప్పను. ఇదే తోలుతో వాళ్లు బెల్టు చేస్తే ఉచితంగా పంపనక్కర్లేదు, నేనే డబ్బు పెట్టి కొంటాను. నలుపు వద్దు, ఈ ముదురు గోధుమరంగే కావాలి.