కూడవెల్లి గుడి వచ్చింది, గడపలు రాలేదు

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలోనూ వచ్చిన అలంపురం వాసులకు నమస్కారం. ఊరి చరిత్ర, నేటి స్థితి గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు.

ఏడు, ఎనిమిది శతాబ్దాలలో బాదామి చాళుక్యులు తుంగభద్ర ఒడ్డున కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు మన ఊరికి గుర్తింపు. పేర్లు బాలబ్రహ్మ, స్వర్గబ్రహ్మ అని ఉన్నా అవన్నీ శివాలయాలే. స్వర్గబ్రహ్మ ఆలయంలోని శాసనం వల్ల అది 681 నుంచి 696 వరకు ఏలిన వినయాదిత్యుని కాలం నాటిదని తెలుస్తున్నది. ఒక్క రాతి మీద నాలుగు పంక్తులు చెక్కి ఉండబట్టే పదమూడు వందల ఏళ్ల నాటి సంగతి మనకు తెలిసిందన్న మాట గుర్తుంచుకోండి. మళ్లీ అక్కడికే వస్తాను. 1956 వరకు మనం రాయచూరు జిల్లా వాళ్లం, ఆపైన మహబూబ్‌నగర్, 2016 నుంచి జోగులాంబ గద్వాల.

ఈ సంగతులు మీకు తెలియనివి కావు. నేను చెప్పవలసింది సంగమేశ్వరాలయం గురించి. వేసవిలో శ్రీశైలం నీళ్లు తగ్గినప్పుడు బయటపడే సప్తనదీ సంగమేశ్వరం వేరు, ఇది వేరు. ఇది కృష్ణా తుంగభద్రలు కలిసే చోట, కూడవెల్లిలో ఉండేది. శ్రీశైలం జలాశయం 885 అడుగుల మట్టానికి నిండితే ఆ చోటు మునుగుతుంది కనుక, గుడిని రాయి రాయిగా విప్పి, అంకెలు వేసి, తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. ఆ పనివాళ్ల నేర్పుకు నేను చేతులెత్తి మొక్కుతాను.

మా అమ్మ పుట్టిల్లు కూడవెల్లి. ఆమె ఈ గుడికి వచ్చినప్పుడల్లా దేవుణ్ణి చూడకముందే ఒక స్తంభాన్ని తడిమేది. చిన్నప్పుడు దాగుడుమూతల్లో దాని వెనకే దాక్కునేదట. ఒకనాడు అక్కడే కూర్చుని, “దేవుని గుడి రాయి రాయికీ అంకె వేసి తెచ్చినారు గదరా నాయనా, మన ఇంటి గడప ఒక్కటి తెచ్చుకుంటామంటే బండిలో చోటు లేదనిరి” అన్నది. అప్పటికి ఆమె ఊరు విడిచి ఇరవై ఏళ్లు దాటింది. గడప సంగతి అంతకుముందు ఎన్నడూ నోరెత్తి చెప్పలేదు.

ముంపు గ్రామాల నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. ఆ కాగితం పట్టుకుని మా మేనమామ ఒక కార్యాలయం చుట్టూ తిరిగి తిరిగి, వయసు మీరిందనిపించుకుని ఇంటికి వచ్చాడు. ఈ సభలోనే అలాంటివారు ఎందరున్నారో చేతులెత్తమని అడగాలనుంది, కాని అడగను. ఎత్తిన చేతులను చూసి నేను మాట్లాడలేను.

నేటి స్థితి కూడా చెప్పాలి. వ్యాపారం జాతీయ రహదారి మీది చౌరస్తాకు తరలింది. రాజోలిబండ కాలువ కింద 87,500 ఎకరాలు అని లెక్కలో ఉన్నా, చివరి పొలాల రైతు ఏటా ఆకాశం వైపే చూస్తున్నాడు. 2009 అక్టోబరులో అదే తుంగభద్ర ఊళ్లోకి వచ్చి జోగులాంబ గుడిని ముంచినప్పుడు మనం మేడలెక్కి బతికాం. ఆ నీళ్లలో నిలబడిననాడు నాకు అమ్మ మాట పూర్తిగా అర్థమైంది. మన నీళ్లు తీశాయి, మనం తిరిగి ఇళ్లకు వచ్చాం. కూడవెల్లి వాళ్లకు నీళ్లు తీయలేదు.

అందుకే అడుగుతున్నాను. సంగమేశ్వరాలయం ఎదుట ఒక రాయి నిలబెడదాం. మునిగిన ఊళ్ల పేర్లు, వీలైతే ఇంటిపేర్లు దాని మీద చెక్కిద్దాం. అంతకన్నా ముందు మీ ఇళ్లలోని ముసలివాళ్లను అడిగి రాయండి. వీధులు, బావులు, జాతర రోజు, ఎవరి ఇంటి పక్కన ఎవరి ఇల్లు, ఏదీ చిన్న సంగతి కాదు. ఈ బల్ల మీద నోటుపుస్తకం పెట్టాను. మొదటి పేజీలో అమ్మ చెప్పినంత రాశాను. గుడి నుంచి రేవుకు దిగే దారిలో ఒక మంచినీళ్ల బావి ఉండేదట, దాని పేరు ఆమెకు గుర్తు రాలేదు. అక్కడ ఖాళీ వదిలాను. కూడవెల్లి పెద్దలు ఎవరైనా ఇక్కడ ఉంటే, సభ అయ్యాక దయచేసి నాకు ఆ పేరు చెప్పండి.